ఒక హత్య ప్రపంచ యుద్ధంగా ఎలా మారింది: 1914 జూన్ 28 నుంచి ఆగస్టు 4 దాకా, ఆ తర్వాత

ప్రశ్న: "ఒక యువరాజును ఎవరో కుర్రాడు కాల్చి చంపితే దేశాలన్నీ నాలుగేళ్లు ఎందుకు కొట్టుకున్నాయి? సైనికవాదం, రహస్య కూటములు, సామ్రాజ్యవాదం, జాతీయవాదం అని నాలుగు కారణాలు బట్టీ పట్టాను గానీ అతకడం లేదు. తప్పంతా జర్మనీదేనా? చివరికి ఏం మిగిలింది? మన తెలుగువాళ్లకు దానితో సంబంధం ఉందా?"

మీకు అతకకపోవడంలో న్యాయం ఉంది. డిగ్రీ విద్యార్థులకు చాలా ఏళ్లు ఐరోపా చరిత్ర పాఠం చెప్పినవాడిగా అంటున్నాను, ఆ నాలుగు కారణాలూ తప్పు కాదు. కానీ అవి యుద్ధం ఎందుకు రావచ్చో చెబుతాయి తప్ప ఎందుకు వచ్చిందో చెప్పవు. ఆ నాలుగూ 1905లో ఉన్నాయి. అప్పుడు మొరాకో విషయంలో ఫ్రాన్స్, జర్మనీ గొడవపడి సర్దుకున్నాయి. 1908లో బోస్నియాను ఆస్ట్రియా-హంగరీ కలిపేసుకుంటే రష్యా పళ్లు కొరుక్కుని ఊరుకుంది. 1911లో మళ్లీ మొరాకో. 1912, 1913లో బాల్కన్ దేశాలు రెండుసార్లు యుద్ధం చేసుకున్నా పెద్ద రాజ్యాలు దిగలేదు. అవే కూటములు, అవే సైన్యాలు, అదే జాతీయవాదం. మరి 1914లోనే ఎందుకు?

నా సమాధానం ఇది: ఆ ముప్పై ఏడు రోజుల్లో వియన్నా, బెర్లిన్, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లలో, అంటే ఆస్ట్రియా, జర్మనీ, రష్యా రాజధానుల్లో ఉన్న కొద్దిమంది మనుషులు యుద్ధాన్ని ఎంచుకున్నారు, లేదా ఆపగలిగిన చోట ఆపలేదు. కాబట్టి ఆ రోజుల్ని కాస్త దగ్గర నుంచి చూడాలి.

జూన్ 28న ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్, ఆయన భార్య సోఫీ బోస్నియా రాజధాని సరాజెవోకు వచ్చారు. సెర్బులకు అది 1389 నాటి కొసోవో యుద్ధాన్ని తలుచుకునే రోజు, అదే రోజున కాబోయే చక్రవర్తి ఊరేగింపు పెట్టారు. ఉదయం ఒక కుర్రాడు విసిరిన బాంబు యువరాజు కారును తప్పి వెనక కారు దగ్గర పేలింది. కార్యక్రమం రద్దు చేసి వెళ్లిపోవాల్సింది, వెళ్లలేదు. గాయపడినవారిని చూడటానికి ఆసుపత్రికి బయల్దేరారు. దారి మారిందన్న సంగతి డ్రైవర్‌కు ఎవరూ చెప్పలేదు. లాటిన్ వంతెన దగ్గర అతను పాత దారిలోకే మలుపు తిప్పి, తప్పని తెలిసి కారు ఆపాడు. సరిగ్గా అక్కడే, బాంబు విసిరినవాడి జట్టులోనే ఉన్న బోస్నియా సెర్బు గావ్రిలో ప్రిన్సిప్ నిలబడి ఉన్నాడు. పంతొమ్మిదేళ్లవాడు. రెండు తూటాలు పేల్చాడు, భార్యాభర్తలిద్దరూ చనిపోయారు. ఆ కుర్రాళ్లకు ఆయుధాలు అందించింది సెర్బియా సైనిక గూఢచారి విభాగం అధిపతి డిమిత్రియెవిచ్ మనుషులు. ఇది నిజం కాబట్టి ఆస్ట్రియా కోపానికి ఆధారం లేదని అనలేం.

కానీ ఆ కోపంలోనే వెంటనే దాడి చేసి ఉంటే అది బాల్కన్ గొడవగానే మిగిలేదేమో. అప్పుడు ఐరోపా సానుభూతి ఆస్ట్రియా వైపే ఉంది. ఆస్ట్రియా దాదాపు నెల రోజులు ఆలస్యం చేసింది. ఎందుకు? ఒకటి, జర్మనీ అండ ఉందో లేదో తెలుసుకోవాలి. జూలై 5, 6 తేదీల్లో బెర్లిన్ నుంచి మాట వచ్చింది: మీరు ఏం చేసినా మేం వెనక ఉంటాం. చరిత్రకారులు ఖాళీ చెక్కు అనేది దీన్నే. రెండు, హంగరీ ప్రధాని టిసా మొదట యుద్ధానికి ఒప్పుకోలేదు, ఆయన్ను ఒప్పించాలి. మూడు, సైనికుల్లో చాలామంది కోతల సెలవు మీద ఊళ్లకు వెళ్లారు. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. జూలై 20 నుంచి 23 దాకా ఫ్రాన్స్ అధ్యక్షుడు పోంకారె రష్యాలో ఉన్నాడు. ఆయనా, జారూ పక్కపక్కనే కూర్చుని ఒక నిర్ణయానికి వస్తారన్న భయంతో, ఆయన ఓడ ఎక్కేదాకా ఆగి, జూలై 23 సాయంత్రం ఆరింటికి సెర్బియాకు అల్టిమేటం ఇచ్చారు. గడువు 48 గంటలు. ఇంత జాగ్రత్తగా లెక్కలు వేసుకున్నవాళ్ల గురించి "పొరపాటున యుద్ధంలోకి జారిపోయారు" అని రాసే పుస్తకాలు చూస్తే నాకు బాధ కలుగుతుంది.

ఇప్పుడు జూలై 25 సాయంత్రం బెల్‌గ్రేడ్ చూడండి. సెర్బియా మంత్రులు గడువు ముగిసేదాకా సమాధానం దిద్దుతూనే ఉన్నారు. టైపు మిషన్ మొరాయిస్తే చివరి ప్రతిని చేత్తో రాశారు. దాన్ని తీసుకెళ్లడానికి అధికారులెవరూ ముందుకు రాకపోతే ప్రధాని పాషిచ్ స్వయంగా ఆస్ట్రియా రాయబారి గీజల్ దగ్గరికి వెళ్లాడు. దాదాపు అన్ని షరతులకూ ఏదో ఒక రూపంలో ఒప్పుకున్నారు, ఒక్కదానికి తప్ప: సెర్బియా గడ్డ మీద జరిగే న్యాయ విచారణలో ఆస్ట్రియా అధికారులు పాల్గొనడం. గీజల్ ఆ కాగితాన్ని పైపైన చూశాడు. ఆయన సామాన్లు అప్పటికే సర్దేసి ఉన్నాయి. సంబంధాలు తెగిపోయాయని ఉత్తరం పంపి, ఆరున్నర రైలెక్కి, నది దాటి ఆస్ట్రియా భూభాగంలోకి వెళ్లిపోయాడు. ఒప్పుకోకూడదనే రాసిన షరతులు అవి.

జూలై 28 ఉదయం ఆ సమాధానం చదివిన జర్మన్ కైజర్ విల్‌హెల్మ్ ఇక యుద్ధానికి కారణమే లేదని కాగితం అంచున రాశాడు. ఆస్ట్రియా బెల్‌గ్రేడ్‌ను హామీగా పట్టుకుని అక్కడితో ఆగితే చాలన్నాడు. కానీ ఆయన చాన్సలర్ బెత్‌మన్ హోల్‌వెగ్ ఆ మాటను వియన్నాకు వెంటనే, ఉన్నదున్నట్టుగా చేరవేయలేదు. అదే రోజు ఆస్ట్రియా మామూలు టెలిగ్రాం ద్వారా యుద్ధం ప్రకటించింది. ఇందులో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది. ఆస్ట్రియా సేనాధిపతి కాన్రాడ్ తన సైన్యం ఆగస్టు 12 దాకా సిద్ధం కాదని చెప్పాడు. అంటే ప్రకటించడానికి అంత తొందర అవసరమే లేదు. ఎవరైనా మధ్యవర్తిత్వం చేసి ఆపేస్తారేమో అన్నదే వాళ్ల భయం.

ఇక్కడి నుంచి పగ్గాలు సేనాధిపతుల చేతికి వెళ్లాయి. మీ పుస్తకంలో ఉన్న సైనికవాదం నిజంగా పనిచేసింది ఇక్కడే. అప్పట్లో సైన్య సమీకరణ అంటే రిజర్వు సైనికులను పిలిచి, లక్షల మందిని, గుర్రాలను, ఫిరంగులను నిమిషాల లెక్కతో రైళ్లలో సరిహద్దుకు చేర్చడం. ఎవరు రెండు రోజులు ముందుంటే వాళ్లదే పైచేయి అని అందరూ నమ్మారు. జర్మనీ సమస్య ఇంకా పెద్దది. దానికి ఒక పక్క ఫ్రాన్స్, ఇంకో పక్క రష్యా. రష్యా నెమ్మదిగా కదులుతుంది కాబట్టి ముందు బెల్జియం మీదుగా వెళ్లి ఫ్రాన్స్‌ను ఆరు వారాల్లో ఓడించి, తర్వాత తూర్పుకు తిరగాలన్నది వాళ్ల ప్లాన్. దాంతో రష్యా సమీకరణ మొదలుపెట్టిన ప్రతి రోజూ ఆ ఆరు వారాల్లోంచి తరిగిపోతుంది. పైగా రష్యా కొత్త సైనిక విస్తరణ 1917 నాటికి పూర్తవుతుంది, ఆ తర్వాత మనం గెలవలేం, వస్తే ఇప్పుడే రావాలి అన్న ఆలోచన జర్మన్ సేనాధిపతి మోల్ట్‌కెకు ఎప్పటి నుంచో ఉంది. 1914 జూలైలో బెర్లిన్ అంత తెగించడానికి అసలు కారణం ఈ భయమేనని నేను అనుకుంటాను. బలం ఉందన్న ధీమా కన్నా, బలం తగ్గిపోతుందన్న టెన్షన్ వాళ్లను తోసింది.

జార్ నికొలస్, కైజర్ బంధువులు. విల్లీ, నిక్కీ అని సంతకాలు పెట్టుకుంటూ టెలిగ్రాములు పంపుకున్నారు. జూలై 29న జార్ పూర్తి సమీకరణ ఆదేశాన్ని ఆపించాడు కూడా. మర్నాడు మంత్రులు, సేనానులు ఒత్తిడి చేస్తే మళ్లీ ఒప్పుకున్నాడు. ఆగస్టు 1న జర్మనీ రష్యాపై యుద్ధం ప్రకటించింది. ఆ సాయంత్రమే లండన్ నుంచి ఒక తప్పుడు అంచనా వచ్చింది, ఫ్రాన్స్ జోలికి పోకపోతే బ్రిటన్ కలగజేసుకోదని. కైజర్ సంబరపడి, సైన్యాన్నంతా తూర్పుకు తిప్పమన్నాడు. మోల్ట్‌కె కుదరదన్నాడు. ఏడాది పాటు కూర్చుని వేసిన రైళ్ల ఏర్పాటును రాత్రికి రాత్రి మార్చలేమని చెప్పాడు. ఒక చక్రవర్తి యుద్ధాన్ని సగానికి తగ్గిద్దామంటే సేనాధిపతి టైంటేబుల్ చూపించాడు. 3న ఫ్రాన్స్‌పై యుద్ధం, 4న బెల్జియంపై దాడి. బెల్జియం తటస్థతకు 1839 ఒప్పందంలో బ్రిటన్ కూడా హామీదారు. ఆ రాత్రి బ్రిటన్ దిగింది. దాంతో భారతదేశమూ దిగింది, మనల్ని ఎవరూ అడగలేదు.

కూటముల గురించి ఒక్క మాట. అవి గొలుసులా లాగేశాయన్నది సగమే నిజం. 1882 నుంచి జర్మనీ, ఆస్ట్రియాలతో త్రిరాజ్య కూటమిలో ఉన్న ఇటలీ 1914లో కదల్లేదు, 1915లో అవతలి పక్షాన చేరింది. బ్రిటన్‌కు ఫ్రాన్స్‌తో యుద్ధంలో చేరి తీరాలన్న ఒప్పందమే లేదు. ఎవరికి లాభం అనిపిస్తే వాళ్లు సంధిని గుర్తుచేసుకున్నారు.

కాబట్టి తప్పెవరిది అంటే, నా లెక్కలో పెద్ద వాటా వియన్నా, బెర్లిన్‌లది. చిన్న దేశాన్ని అణచడానికి పెద్ద యుద్ధం వచ్చినా ఫర్వాలేదని తెలిసే ముందుకెళ్లారు. రష్యా తొందరపడింది, ఫ్రాన్స్ దాన్ని వారించలేదు, బ్రిటన్ తన మనసులో మాట సమయానికి చెప్పలేదు. ఈ వాటాల మీద చరిత్రకారులు వందేళ్లుగా వాదించుకుంటున్నారు, జర్మన్ చరిత్రకారులే రెండు వర్గాలుగా చీలారు. పరీక్షలో "ఏకైక దోషి జర్మనీ" అని మాత్రం రాయకండి.

యుద్ధం జరిగిన తీరు క్లుప్తంగా చెబుతాను. ఆరు వారాల ప్లాన్ సెప్టెంబరులో మార్న్ నది దగ్గర విఫలమైంది. స్విట్జర్లాండ్ నుంచి సముద్రం దాకా కందకాలు తవ్వుకుని కూర్చున్నారు. మెషిన్ గన్లు, ముళ్లకంచెల ముందు గుంపులుగా నడిపించి చంపించారు. 1916 జూలై 1న సోమ్ దగ్గర ఒక్క రోజులో బ్రిటిష్ సైన్యంలో 19,240 మంది చనిపోయారు. ఈ అంకె దగ్గర మా క్లాసులో ఎప్పుడూ ఆగేవాళ్లం, ఎందుకంటే ఆ దాడి ఆ రోజుతో ఆగలేదు, నవంబరు దాకా సాగింది. మొత్తం యుద్ధంలో తొంభై లక్షలకు పైగా సైనికులు పోయారు.

ఇక ఫలితాలు. నాలుగు సామ్రాజ్యాలు కూలాయి: రష్యా, జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ, ఆటోమాన్ (టర్కీ). ఇది అన్ని గైడ్లలోనూ ఉంటుంది. వాటిలో సరిగా ఉండనిది యుద్ధం ముగిసిన పద్ధతి, అసలు విషం అక్కడ ఉంది.

1918 సెప్టెంబరు 29న యుద్ధ విరమణ అడగాల్సిందేనని పట్టుబట్టింది జర్మన్ సేనాని లూడెన్‌డార్ఫ్. సైన్యం ఓడిపోయిందని అందరికన్నా ముందు తెలిసినవాడు ఆయనే. కానీ నవంబరు 11న కాంపీన్ అడవిలో రైలు పెట్టెలో సంతకం పెట్టడానికి వెళ్లిన బృందానికి నాయకుడు ఎర్జ్‌బర్గర్ అనే పౌర రాజకీయ నాయకుడు. అప్పటికి జర్మన్ సైన్యం ఇంకా పరాయి నేల మీదే ఉంది, బెర్లిన్‌లో శత్రు సైనికుడు అడుగు పెట్టలేదు. దాంతో ఇంట్లో కూర్చున్న జనానికి ఓటమి కనపడలేదు. సేనానులు అదే అదనుగా, మేం ఓడలేదు, రాజకీయ నాయకులు, సోషలిస్టులు, యూదులు వెన్నుపోటు పొడిచారని ప్రచారం మొదలుపెట్టారు. ఎర్జ్‌బర్గర్‌ను 1921లో అతివాద జాతీయవాదులు కాల్చి చంపారు. యుద్ధంలో ఓడిన సేనాని తప్పించుకుని, సంతకం పెట్టినవాడు ప్రాణం పోగొట్టుకున్నాడు.

వర్సెయిల్స్ సంధి మీద సంతకాలు 1919 జూన్ 28న, సరాజెవో హత్యకు సరిగ్గా ఐదేళ్లకు. అల్సాస్-లొరేన్ ఫ్రాన్స్‌కు తిరిగి వెళ్లింది, జర్మన్ సైన్యాన్ని లక్ష మందికి కుదించారు, 231వ నిబంధన కింద నష్టానికి బాధ్యత జర్మనీదీ, దాని మిత్రులదీ అని రాశారు. 1921లో పరిహారం 13,200 కోట్ల బంగారు మార్కులుగా తేల్చారు. అందులో పెద్ద భాగం వసూలు చేసే ఉద్దేశం ఆ అంకె వేసినవాళ్లకే లేదు, కానీ అంకె మాత్రం జర్మన్ల గుండెల్లో ఉండిపోయింది. 1923 జనవరిలో బాకీ కోసం ఫ్రాన్స్, బెల్జియం సైన్యాలు జర్మనీలోని రూర్ గనుల ప్రాంతంలోకి వచ్చాయి. కార్మికులు పని మానేశారు, ప్రభుత్వం నోట్లు అచ్చేసి వాళ్లకు జీతాలిచ్చింది. యుద్ధానికి ముందు డాలర్‌కు 4.2 మార్కులు. 1923 నవంబరుకు 4.2 లక్షల కోట్లు. జీవితమంతా దాచుకున్న మధ్యతరగతి సొమ్ము రొట్టె ముక్కకు కూడా చాలలేదు.

ఇక్కడే "వర్సెయిల్స్ వల్లే హిట్లర్ వచ్చాడు" అని ఒక్క గీత గీసేస్తారు. నేను ఒప్పుకోను. 1924 నుంచి జర్మనీ కోలుకుంది, 1926లో నానాజాతి సమితిలో చేరింది. 1928 మే ఎన్నికల్లో నాజీలకు వచ్చినవి 2.6 శాతం ఓట్లు. 1929లో ఆర్థిక మాంద్యం వచ్చింది. 1930లో 18.3 శాతం, 1932 జూలైలో 37.3 శాతం. సంధి అవమానం పదేళ్లుగా ఉన్నదే. ఉద్యోగాలు పోయాక ఆ అవమానాన్ని, వెన్నుపోటు అబద్ధాన్ని కలిపి అమ్మేవాడికి కొనేవాళ్లు దొరికారు. సంధిని నిలబెట్టాల్సిన అమెరికా సెనేట్ దాన్ని ఆమోదించనే లేదు, బ్రిటన్‌కు ఆసక్తి తగ్గింది, ఫ్రాన్స్ ఒంటరిదైంది. కఠినమైన సంధి రాసి, అమలు చేసే ఓపిక లేకపోవడం రెండు విధాలా చెరుపు చేసింది.

పశ్చిమాసియాకు జరిగింది ఇంతకన్నా అన్యాయం. ఆటోమాన్లపై తిరగబడితే స్వతంత్ర రాజ్యం ఇస్తామని 1915-16లో మక్కా షరీఫ్ హుస్సేన్‌కు బ్రిటన్ ఆశపెట్టింది. 1916లోనే సైక్స్-పీకో రహస్య ఒప్పందంతో ఆ నేలను ఫ్రాన్స్‌తో పంచుకుంది. 1917 నవంబరులో పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసానికి మద్దతిస్తానంది. ఒకే నేల మీద మూడు మాటలు. ఇరాక్, సిరియా, లెబనాన్, పాలస్తీనా సరిహద్దులు ఆ బేరాల్లోంచి వచ్చినవే. ఇవాళ్టి వార్తల్లో ఆ పేర్లు చూసినప్పుడు 1920 నాటి మ్యాపు పక్కన పెట్టుకోండి, సగం అర్థమవుతుంది.

చివరిగా మన సంగతి. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎండెన్ మద్రాసు తీరానికి వచ్చి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీద గుండ్లు పేల్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలకు అప్పుడు రాజధాని మద్రాసే. జనం ఊరు వదిలి రైళ్ల కోసం పరుగులు తీశారు. మొత్తం భారతదేశం నుంచి పదమూడు లక్షలకు పైగా మనుషులు యుద్ధంలో పనిచేశారు, 74 వేల మంది తిరిగి రాలేదు. తెలుగువారు, తమిళులు ఉన్న మద్రాస్ సాపర్స్ అనే సైనిక ఇంజినీర్ల దళాలు మెసపొటేమియాలో (ఇప్పటి ఇరాక్‌లో) వంతెనలు కట్టాయి. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం నుంచి ఈ యుద్ధానికి వెళ్లినవాళ్లున్నారు, ఆ ఊరిని మిలటరీ మాధవరం అని పిలుస్తారు. నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ భారీగా డబ్బిచ్చాడు. ఆయన సొమ్ముతో విమానాలు సమకూరిన బ్రిటిష్ 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు పెట్టారు. హైదరాబాద్ లాన్సర్లు పాలస్తీనా దాకా వెళ్లారు.

తిండి, బట్ట, కిరోసిన్ ధరలు పెరిగాయి. 1918లో మద్రాసు ప్రెసిడెన్సీలో బియ్యం కొట్లను జనం లూటీ చేశారు. అదే ఏడాది యుద్ధ నౌకలతో, సైనికులతో పాటు ఇన్‌ఫ్లుయెంజా దిగింది. దేశంలో కోటికి పైగా చనిపోయారు. జనాభా లెక్కల చరిత్రలో దేశ జనాభా తగ్గిన దశాబ్దం 1911-21 ఒక్కటే.

ఇంత ఇచ్చాక స్వపరిపాలన వస్తుందని కాంగ్రెస్ నాయకులు నమ్మారు. గాంధీజీ స్వయంగా గుజరాత్‌లో ఊరూరా తిరిగి సైన్యంలో చేరమన్నారు. భారతీయులకు క్రమంగా స్వపరిపాలన ఇస్తామంటూ 1917లో బ్రిటిష్ మంత్రి మాంటేగు చేసిన ప్రకటన ఆ ఆశ పెంచింది. 1919 మార్చిలో వచ్చింది మాత్రం రౌలట్ చట్టం, యుద్ధకాలపు నిర్బంధ అధికారాలను శాంతికాలంలో కూడా కొనసాగించేది. ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్. ముస్లింలు ఖలీఫాగా, అంటే మతనాయకుడిగా గౌరవించే టర్కీ సుల్తాన్‌కు జరిగిన అవమానంతో ఖిలాఫత్ ఉద్యమం కలిసింది, 1920లో సహాయ నిరాకరణ మొదలైంది. మన దగ్గర దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట చీరాల-పేరాల ప్రజలు మునిసిపల్ పన్ను కట్టబోమని 1921లో ఊరు ఖాళీ చేసి రామనగర్‌లో పాకలు వేసుకున్నారు. పెదనందిపాడు రైతులు శిస్తు ఆపేశారు. మీరు స్వాతంత్ర్యోద్యమం అధ్యాయంలో విడిగా చదివే ఈ ఘట్టాలను 1914-18 యుద్ధంతో కలిపి మళ్లీ ఒకసారి చదవండి. పన్నులు ఎందుకు పెరిగాయో, ధరలు ఎందుకు మండాయో, జనం అంత ధైర్యంగా ఎందుకు తెగించారో అక్కడ దొరుకుతుంది.